కాల్చేసిన జాబితా

1919 అక్టోబరు. న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ సమావేశాలు జరుగుతున్నాయి. వంద పడకలు, అంతకు మించి ఉన్న ఆసుపత్రులు ఎలా పనిచేస్తున్నాయో చూసి రమ్మని ఆ సంస్థ అంతకుముందే మనుషుల్ని పంపింది. పెట్టిన పరీక్ష అంత కష్టమైందేం కాదు. ప్రతి రోగికీ కేస్ షీట్ ఉందా, డాక్టర్లు అప్పుడప్పుడూ కూర్చుని తాము చేసిన వైద్యాన్ని సమీక్షించుకుంటున్నారా, ల్యాబూ ఎక్స్‌రే ఉన్నాయా... ఒక్క పేజీలో పట్టే ప్రశ్నలు. 692 ఆసుపత్రులు చూస్తే పాసైనవి 89.

అంకెలు సభలో చెప్పారు. పేర్లు చెప్పలేదు. ఫెయిలైన వాటిలో పేరుమోసిన ఆసుపత్రులున్నాయి. పత్రికల వాళ్ల చేతికి చిక్కుతుందన్న భయంతో ఆ జాబితాని అర్ధరాత్రి హోటల్ అడుగు అంతస్తులోకి తీసుకెళ్లి, బాయిలర్ పొయ్యిలో వేసి కాల్చేశారు.

వైద్య చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతిని ఓ ముచ్చటలా చెప్పి ముందుకెళ్లిపోతారు. నాకు మాత్రం తర్వాతి వందేళ్ల కథంతా ఆ పొయ్యి దగ్గరే ఉందనిపిస్తుంది. ఇప్పుడు 'పేషెంట్ సేఫ్టీ కల్చర్' పేరుతో కుప్పలుతెప్పలుగా పరిశోధన పత్రాలు వస్తున్నాయి. పేరు వింటే ఆవులింత వస్తుంది, నిజమే. కానీ లోపలికెళ్లి చూస్తే అవన్నీ తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాయి. పొరపాటు చూసినవాళ్లు నోరు విప్పితే ఆ తర్వాత వాళ్లకి ఏమవుతుంది?

ఇద్దరు విద్యార్థుల పందెం

ఆ తనిఖీల వెనకున్న ఆలోచన అర్నెస్ట్ కాడ్‌మన్ అనే బోస్టన్ సర్జన్‌ది. 1869లో పుట్టాడు. హార్వర్డ్‌లో వైద్యం చదివేటప్పుడు అతని సహవిద్యార్థి హార్వీ కుషింగ్, తర్వాత్తర్వాత మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడిగా పేరు తెచ్చుకున్నవాడు. ఆ రోజుల్లో ఆపరేషన్‌కి ఈథర్ మత్తు ఇచ్చే పని విద్యార్థులదే. శిక్షణ ఏమీ ఉండేది కాదు, పిలిచి చేతిలో పెట్టేవాళ్లు. అలా కుషింగ్ మత్తు ఇస్తుండగా ఒక రోగి ప్రాణం పోయింది. ఇలాంటివి మామూలే, పట్టించుకోకు అని పెద్దలు సర్దిచెప్పారు. అతను చదువు మానేద్దామా అనుకునేదాకా వెళ్లాడు.

మానలేదు. ఇద్దరు స్నేహితులూ ఒక పందెం వేసుకున్నారు. ఎవరు బాగా మత్తు ఇస్తారు? ఓడినవాడు భోజనం పెట్టించాలి. మరి గెలుపు ఎలా తేల్చాలి? మత్తు ఇస్తున్నంతసేపూ నాడి, శ్వాస కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ పోవాలి. 1894-95 నాటికి అవి 'ఈథర్ చార్టులు' అయ్యాయి. ఇవాళ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఉండే ఎనస్థీషియా రికార్డుకి తాతలు అవే.

ఇందులో నాకు నచ్చేది, ఆ కాగితం పైనుంచి ఎవరో అడిగితే పుట్టింది కాదు. ఇద్దరు కుర్రాళ్లు తమ పనిని తామే నమ్మక, ఒకరికొకరు చూపించుకోడానికి రాసుకున్నది.

అదే కాలంలో హైదరాబాద్‌లో

ఆ చార్టులకు ఐదారేళ్ల ముందే, మత్తుమందు వల్ల పోతున్న ప్రాణాల మీద ప్రపంచం చూపుని లాగిన పరిశోధన ఒకటి మన దగ్గర జరిగింది. చోటు హైదరాబాద్. ఇక్కడ వాడింది ఈథర్ కాదు, క్లోరోఫాం.

రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ మెడికల్ స్కూలుకి కూడా పెద్ద. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాస ఒక్కటి గమనిస్తే చాలు, నాడి సంగతి పట్టించుకోనక్కర్లేదు అన్నది గురువు మాట, శిష్యుడికది వేదం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, అంతకు ముందు పనిచేసిన చోట్లా వేలమందికి క్లోరోఫాం ఇచ్చినా దానివల్ల ఒక్కరూ చనిపోలేదని చెప్పేవాడు. గుండె ముందే ఆగిపోయే ప్రమాదం ఉంది, నాడి కూడా చూడాలి అనేది లండన్ పక్షం వాదన. 1888లో లారీ ఒక కమిషన్ వేయించి 141 కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. అన్నిట్లోనూ శ్వాసే ముందు ఆగిందని తేల్చాడు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీరే ఒక మనిషిని పంపండన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఈసారి వందల జంతువులు. వచ్చేటప్పుడు సందేహంతో వచ్చిన బ్రంటన్ వెళ్లేటప్పుడు లారీ వైపు మొగ్గాడు. నివేదిక 1890లో లాన్సెట్‌లో వచ్చింది.

1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి చూపించాడు. క్లోరోఫాం కొంచెంగా, పైపైన ఇచ్చినప్పుడు కూడా గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోవచ్చు. శ్వాస గమనించమనడం మంచి సలహానే, నాడి అక్కర్లేదనడం మాత్రం తప్పు.

రాజు ఖర్చు పెట్టాడు, పేరున్న శాస్త్రవేత్త వచ్చాడు, కొలతలు జాగ్రత్తగా తీశారు. అయినా ఆ పరిశోధన ఒకరి నమ్మకం చుట్టూనే తిరిగింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివే ఒక కుర్రాడు ఆ థియేటర్‌లో నిలబడి 'దొరా, ఈ రోగి నాడి అందడం లేదు' అనగలిగేవాడా? కుక్కల రక్తపోటు కొలిచే పరికరాలకి అందే ప్రశ్న కాదది. కానీ మనిషి బతకడం చాలాసార్లు దానిమీదే ఆధారపడుతుంది.

ఉష్ట్రపక్షి

మళ్లీ బోస్టన్‌కి వద్దాం. సర్జన్ అయ్యాక కాడ్‌మన్ తన చార్టుల అలవాటుని ఇంకా ముందుకి లాక్కెళ్లాడు. వైద్యం చేసి పంపేసిన ప్రతి రోగినీ కనీసం ఏడాది తర్వాత మళ్లీ కనుక్కోవాలి. బాగయ్యాడా? కాకపోతే ఎందుక్కాలేదు? వినడానికి ఇందులో విప్లవమేం కనిపించదు. కానీ 'ఎందుక్కాలేదు' అన్న గడిలో అతను రాయమన్న జవాబులు చూడండి. తెలివో నైపుణ్యమో చాలకపోవడం, నిర్ణయం తప్పడం, శ్రద్ధ లేదా పరికరాలు లోపించడం, రోగం గుర్తించలేకపోవడం. జబ్బే లొంగనిదైతే అదీ రాయొచ్చు, రోగి వద్దంటే అదీ రాయొచ్చు. అయితే ముందు డాక్టర్ తన వైపు చూసుకోవాలి.

మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఈ మాట ఎవరికీ రుచించలేదు. అక్కడ పదోన్నతులు వయసుని బట్టి. ఫలితాల్ని బట్టి ఇవ్వండని అడిగి, 1914లో కాడ్‌మన్ రాజీనామా చేశాడు. అంతకు మూడేళ్ల ముందే సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుని ఉన్నాడు. 1911 నుంచి 1916 వరకూ అక్కణ్నుంచి ఇంటికెళ్లిన 337 మంది రోగుల లెక్క తీసి, 123 పొరపాట్లు జరిగాయని తనే సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. వేరే ఆసుపత్రులకీ పంపాడు, మీవీ చెప్పండని.

1915 జనవరిలో స్థానిక వైద్య సంఘం సమావేశంలో ఒక పెద్ద బొమ్మ మీద ముసుగు తీశాడు. ఇసుకలో తల దూర్చిన ఉష్ట్రపక్షి. అది బోస్టన్‌లోని కలవారి పేట. వెనక్కి తన్నిన బంగారు గుడ్లు డాక్టర్లు ఏరుకుంటుంటారు. నిజం తెలిస్తే ఇది గుడ్లు పెడుతుందా మానేస్తుందా అని పెద్దలు ఆలోచిస్తుంటారు. వాళ్లలో హార్వర్డ్ అధ్యక్షుడు కూడా ఉన్నాడు. సభ అల్లకల్లోలమైంది. కాడ్‌మన్‌కి సంఘంలో పదవి పోయింది, స్నేహితులు ముఖం చాటేశారు, కొన్నేళ్లకి ఆసుపత్రీ మూతపడింది.

కానీ సర్జన్ల కాలేజీలో ఆసుపత్రుల ప్రమాణాల కోసం వేసిన కమిటీకి మొదటి అధ్యక్షుడు కాడ్‌మనే. 1918లో మొదలైన తనిఖీలు ఆ కమిటీ ఆలోచనలోంచి వచ్చినవే. తన ఆసుపత్రి లెక్కల్ని అతను అచ్చేసి పంచాడు. అతని సంస్థ, చేతికొచ్చిన లెక్కల్ని పొయ్యిలో వేసింది.

ఇంజనీర్లు వచ్చారు

తర్వాత చాలాకాలం పొరపాటు అంటే ఓ మనిషి గుణదోషం. మంచి డాక్టర్ తప్పు చేయడు, తప్పు చేసినవాడు మంచి డాక్టర్ కాడు. ఈ లెక్కన చూస్తే చెప్పుకున్నవాడే చెడ్డవాడైపోతాడు.

దీన్ని కాస్త కదిపినవాళ్లలో జెఫ్రీ కూపర్ ముఖ్యుడు. డాక్టర్ కాదు, ఇంజనీర్. మసాచుసెట్స్ జనరల్‌లోనే ఎనస్థీషియా యంత్రాల మీద పనిచేసేవాడు. 1978లో తన బృందంతో కలిసి ఒక పత్రం ప్రచురించాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమాన ప్రమాదాల్ని అర్థం చేసుకోడానికి పుట్టిన ఒక ఇంటర్వ్యూ పద్ధతిని తీసుకుని, మత్తు డాక్టర్లని కూర్చోబెట్టి అడిగాడు. మీరు చూసినవాటిలో అయ్యిందీ, అవ్వబోయి తప్పిందీ చెప్పండి. 47 ఇంటర్వ్యూల్లో 359 సంఘటనలు దొరికాయి. వాటిలో 82 శాతం మనుషుల చేతుల్లో జరిగినవి. శ్వాస గొట్టం ఊడిపోవడం, ఒక సిరంజి బదులు ఇంకొకటి అందుకోవడం, గ్యాస్ మీట పొరపాటున తిరగడం.

82 శాతం మనుషుల పొరపాటే అంటే మనుషుల్ని దండించాలని కదా మామూలుగా అనుకుంటాం. కూపర్ బృందం ఆ సంఘటనలు ఎప్పుడు, ఏ పరిస్థితిలో పుడుతున్నాయో చూసింది. రెండు సిరంజిలు ఒకేలా ఎందుకున్నాయి? గొట్టం ఊడితే అలారం ఎందుకు మోగలేదు? 1985లో మత్తు వైద్యులు రోగుల భద్రతకే ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు. 1986లో హార్వర్డ్ ఆసుపత్రులు మత్తు ఇచ్చేటప్పుడు ఏవేవి తప్పక గమనించాలో ప్రమాణాలు రాసుకున్నాయి. ఇవాళ వైద్యంలో బాగా భద్రంగా మారిన విభాగమేది అంటే చాలామంది ఎనస్థీషియానే చూపిస్తారు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే నా వృత్తి చేసిన ఘనకార్యం కూడా ఇక్కడ చెప్పాలి. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం. పాత మోడళ్లలో ప్రమాదాన్ని ఆపడానికి విడిగా హార్డ్‌వేర్ తాళాలుండేవి. ఇందులో వాటిని తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. 1985-87 మధ్య ఆరుగురు రోగులకి మోతాదుకి ఎన్నో రెట్లు రేడియేషన్ పడింది, కొందరు చనిపోయారు. ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు వస్తే, ఈ యంత్రం అలా చేసే అవకాశమే లేదని తయారీదారు చెప్పేవాడు. మరెక్కడా ఇలా జరగలేదనీ చెప్పాడు. టెక్సస్‌లోని టైలర్ ఆసుపత్రిలో ఫ్రిట్జ్ హేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త యంత్రం నడిపే ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తప్పు మళ్లీ వచ్చేదాకా ప్రయత్నించాడు. ఆపరేటర్‌కి చెయ్యి తిరిగి, వివరాలు చకచకా సరిచేసినప్పుడు మాత్రమే వచ్చే బగ్ అది. కంపెనీలో ఎవరికీ తెలియని సంగతి రోజూ కీబోర్డ్ ముందు కూర్చునే మనిషి వేళ్లకి తెలుసు. ఆమెని అడగాలని తోచిన మనిషి ఒకరుండబట్టి బయటపడింది.

లెక్క తిరగబడింది

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. దాని మీద అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు రాసిన నివేదికతో 'సేఫ్టీ కల్చర్' అనే మాట వాడుకలోకి వచ్చింది. ఒక వాల్వు గురించో, ఒక ఆపరేటర్ గురించో చెప్తే సరిపోదనీ, అక్కడి మనుషులు భద్రతని ఎలా చూస్తారన్నది కూడా ఒక కారణమనీ చెప్పడానికి వాళ్లకో మాట కావలసొచ్చింది.

వైద్యంలో ఆ ఆలోచనకి దారి వేసింది లూషియన్ లీప్. పిల్లల సర్జన్. న్యూయార్క్ రాష్ట్రంలో 1984 నాటి ముప్పై వేలకు పైగా కేస్ షీట్లు తిరగేసి, ఆసుపత్రిలో చేరినవాళ్లలో 3.7 శాతం మందికి వైద్యం వల్లే హాని జరిగిందని 1991లో తేల్చిన హార్వర్డ్ బృందంలో ఆయనొకడు. 1994 డిసెంబర్‌లో ఒక వ్యాసం రాశాడు. డాక్టర్లకి తప్పు చేయొద్దని బోధిస్తే తప్పులు ఆగవు, తప్పు జరిగినా ప్రాణం పోకుండా పని అమర్చుకోవాలి అని దాని సారం. వైద్య సమాజం లోపల్నించి కోపంగా ఉత్తరాలొచ్చాయి.

అదే నెల మొదటి వారంలో బోస్టన్‌లో, దేశంలోనే పేరున్న క్యాన్సర్ ఆసుపత్రిలో బెట్సీ లేమన్ చనిపోయింది. బోస్టన్ గ్లోబ్‌లో ఆరోగ్య విషయాలు రాసే పాత్రికేయురాలు. నాలుగు రోజులకి కలిపి ఇవ్వాల్సిన కీమో మందుని, నాలుగు రోజులూ రోజుకంత చొప్పున ఇచ్చారు. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, ఇన్ని చేతులు దాటింది, ఎవరూ ఆపలేదు. లీప్ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆ పొరపాటు సంగతి ఆసుపత్రికే తెలియదు. 1995 ఫిబ్రవరిలో పరిశోధన కోసం లెక్కలు సరిచూస్తున్న ఉద్యోగుల కంట పడింది.

ఆ రోజుల్లోనే లీప్ వాళ్ల బృందం మందుల పొరపాట్ల మీద ఇంకో అధ్యయనం చేస్తుంటే, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఏమీ ఎడ్మండ్‌సన్ అందులో చేరింది. రెండు ఆసుపత్రుల్లో ఎనిమిది వార్డులు. శిక్షణ పొందిన నర్సులు పొరపాట్ల లెక్క తీస్తారు, ఈమె సర్వే చేసి ఏ వార్డులో జట్టు బాగా కలిసి పనిచేస్తోందో కొలుస్తుంది. మంచి జట్టులో తప్పులు తక్కువుండాలి కదా. తీరా చూస్తే తిరగబడింది. జట్టు ఎంత బాగుంటే పొరపాట్లు అన్ని ఎక్కువ.

ఇలాంటప్పుడు నాలాంటివాడైతే ముందు కోడ్‌లో ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయేమో చూస్తాడు. ఆమె ఇంకోటి ఆలోచించింది. ఇవి జరిగిన పొరపాట్లా, బయటికొచ్చిన పొరపాట్లా? ఈ లెక్కలేవీ తెలియని ఒక సహాయకుణ్ని వార్డుల్లోకి పంపి, ఎలా ఉన్నాయో చూసి రమ్మంది. కొన్నిట్లో, మందులు ప్రాణాలు తీస్తాయి కాబట్టి తప్పు జరిగితే వెంటనే చెప్పుకుంటాం అన్నారు. కొన్నిట్లో చెప్తే పరువు పోతుంది, శిక్ష పడుతుంది, కాబట్టి ఎవరూ చెప్పరు. అతను గీసుకొచ్చిన వరసకీ ఆమె సర్వే చూపించిన వరసకీ పొంతన కుదిరింది. ఈ పత్రం 1996లో వచ్చింది. ఎనిమిది వార్డులంటే చిన్న నమూనానే. ఏ వార్డులో నిజంగా ఎన్ని తప్పులు జరిగాయో అది చెప్పలేదు కూడా. కానీ ఆసుపత్రి ఇచ్చే అంకెని ఎలా చదవాలో ఆ తర్వాత మారిపోయింది. 'మా దగ్గర ఏడాదిగా ఒక్క పొరపాటూ లేదు' అని ఏ ఆసుపత్రైనా చెప్తే, అది భద్రతకి గుర్తా, భయానికి గుర్తా?

సంస్కృతికి మార్కులు

1999 చివర్లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వచ్చింది. వైద్యంలో పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా. ఆ అంకె కట్టిన తీరు మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఏదేమైనా విషయం టీవీల్లోకెక్కింది, డబ్బులొచ్చాయి, పరిశోధన ఊపందుకుంది.

మొదట్లో చూపంతా విమానాల వైపు. పైలట్ల వైఖరి కొలిచే ప్రశ్నలనే డాక్టర్లకిచ్చి, 2000లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పోల్చారు. కింది స్థాయివాళ్లు పైవాళ్ల నిర్ణయాన్ని ప్రశ్నించకూడదనే పద్ధతిని పైలట్లలో 97 శాతం, ఐసీయూ సిబ్బందిలో 94 శాతం వద్దన్నారు. సీనియర్ సర్జన్లలో వద్దన్నవాళ్లు 55 శాతమే. అలసట తమ పనిని దెబ్బతీయదని నమ్మేవాళ్లు పైలట్లలో 26 శాతముంటే సీనియర్ సర్జన్లలో 70. విమానం కూలితే పైలట్ కూడా పోతాడు, సర్జన్ పోడు, తేడా అదే అని ఎవరైనా అనొచ్చు. కొంత నిజమే. కానీ పైలట్లు పుట్టుకతో వినయవంతులేం కాదు. 1970ల ప్రమాదాల తర్వాత, కెప్టెన్‌ని కో-పైలట్ ఎలా అడ్డుకోవాలో, అడ్డుకుంటే కెప్టెన్ ఎలా వినాలో ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చారు.

2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఆసుపత్రుల కోసం ప్రామాణిక ప్రశ్నావళి తయారు చేసింది. 12 అంశాలు, 42 ప్రశ్నలు. చాలా దేశాలకి, చాలా భాషల్లోకి వెళ్లింది. ఏ ఏడాది ఫలితాలు చూసినా తక్కువ మార్కులొచ్చేవాటిలో ఒక అంశం తప్పకుండా ఉంటుంది: తప్పు చెప్పుకుంటే శిక్ష ఉండదన్న నమ్మకం. ఫిర్యాదు రాస్తే అది సమస్య మీద కాక మనిషి మీద రాసినట్టవుతుందన్న భయం.

ఈ దశలో పరిశోధన కాస్త దారి తప్పిందని నా అభిప్రాయం. కొలిచే సాధనం దొరికేసరికి కొలవడమే పనైపోయింది. ఈ ఆసుపత్రి స్కోరింత, ఆ ఆసుపత్రి స్కోరంత, నర్సులకీ డాక్టర్లకీ తేడా ఇంత. స్కోరు పెరగాలని పైవాళ్లు పట్టుబడితే సిబ్బంది మంచి మార్కులే వేస్తారు. అడిగే తీరులోనే జవాబు ఉందంటే, అదీ సంస్కృతే కదా!

మార్కుల్లేకుండా సంస్కృతిని చూపించిన పత్రం కావాలంటే ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ఆసుపత్రి మీద 2001లో వచ్చిన విచారణ నివేదిక చదవాలి. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో అక్కడ మరణాలు ఎక్కువని మత్తు డాక్టర్ స్టీఫెన్ బోల్సిన్‌కి అనుమానం వచ్చింది. 1988లో చేరాడు, లెక్కలు పోగేశాడు, పైవాళ్లకి చెప్పాడు. ఏళ్లు గడిచాయి. చివరికి 1996లో ఉద్యోగం వదిలి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. 1991-95 మధ్య ఏడాదిలోపు పిల్లలు, మామూలు కేంద్రంలో అయితే పోయేవాళ్లకన్నా ముప్పై నుంచి ముప్పై అయిదు మంది ఎక్కువగా చనిపోయారని విచారణ తేల్చింది. అక్కడున్నవాళ్లు రాక్షసులని నివేదిక అనలేదు. కష్టపడి పనిచేసేవాళ్లే. కాకపోతే అధికారం కొద్దిమంది చేతిలో ఉండే 'క్లబ్బు' వాతావరణం. ఆ క్లబ్బులో లేనివాడి మాట చెవికెక్కదు.

కాగితం, దాని వెనక మనిషి

చెక్‌లిస్టుల కథ కూడా ఇక్కడికే వస్తుంది. మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో పీటర్ ప్రొనోవోస్ట్ బృందం, రక్తనాళంలో గొట్టం వేసేటప్పుడు పాటించాల్సిన అయిదు పనుల జాబితా పెట్టింది. చేతులు కడుక్కోవడం లాంటి మామూలు పనులే. ఇన్‌ఫెక్షన్లు బాగా పడిపోయాయని 2006లో ప్రచురించారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల చెక్‌లిస్టు ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. ప్రపంచమంతా చెక్‌లిస్టుల మోజు మొదలైంది. తీరా కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వం అన్నిచోట్లా పెట్టాలంది. 101 ఆసుపత్రుల లెక్కలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని 2014లో తేలింది.

కాగితం అదే. మరి తేడా ఎక్కడ? మిషిగన్‌లో డాక్టర్ ఒక పని వదిలేస్తే ఆపమని నర్సుకి అధికారం ఇచ్చారు, ఆమె వెనక పైవాళ్లు నిలబడ్డారు. మా విజయాన్ని చెక్‌లిస్టు మహిమగా చెప్పకండని ప్రొనోవోస్ట్ కూడా తర్వాత సహచరులతో కలిసి రాశాడు. టిక్కు పెట్టడం సులువు. 'డాక్టర్ గారూ, ఆగండి' అనడం కష్టం.

మా సాఫ్ట్‌వేర్ రంగంలో సర్వర్లు పడిపోయిన మర్నాడు పెట్టుకునే మీటింగుని పోస్ట్‌మార్టమ్ అంటాం. పేరు ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నదే. అందులో ఎవర్నీ నిందించకూడదన్న నియమాన్ని 2012లో జాన్ ఆల్‌స్పా రాసిన వ్యాసం బాగా ప్రచారంలోకి తెచ్చింది. అదీ వైద్యం, విమానయానం మీద రాసినవాళ్ల ఆలోచనే. మేం దాన్ని సులువుగా పాటించగలుగుతున్నామంటే ఒక కారణముంది. చాలావరకు మా తప్పుల వల్ల ఎవరూ చావరు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి 'వ్యవస్థ లోపం అమ్మా' అంటే ఆమెకది జవాబవుతుందా?

ఈ ప్రశ్న 2022లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో కోర్టుకొచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు ఒక నర్సు, మందుల యంత్రంలో మొదటి రెండు అక్షరాలు కొట్టి, మగత మందు బదులు కండరాల్ని స్తంభింపజేసే మందు తీసుకుంది. డెబ్బై అయిదేళ్ల పేషెంటు చనిపోయింది. హెచ్చరికలు దాటుకుంటూ వెళ్లిందన్నది నిజం. మందుల కోసం యంత్రం హెచ్చరికల్ని దాటడం అప్పట్లో అక్కడ రోజువారీ సంగతేనని ఆమె పక్షం వాదన. తప్పు తెలియగానే తనే చెప్పేసింది. ఆసుపత్రి మాత్రం నియంత్రణ సంస్థలకి చెప్పలేదు. 2018లో ఆకాశరామన్న సమాచారంతో బయటపడింది. చివరికి జ్యూరీ దోషి అన్నది నర్సుని. మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఇరవై ఏళ్లు 'చెప్పండి, చెప్పండి' అని పోరిన పరిశోధకులు తలపట్టుకున్నారు. చెప్పినవాళ్లకి ఏమవుతుందో దేశంలో ప్రతి నర్సూ టీవీలో చూసింది మరి.

మన దగ్గర

మన చట్టం రెండు వైపులా లాగుతుంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే నిర్లక్ష్యం మామూలుది కాదు, తీవ్రమైనదై ఉండాలంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో 106వ సెక్షన్ నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి మామూలుగా అయిదేళ్ల వరకూ శిక్ష అంటే, వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ డాక్టర్ చేసినదైతే రెండేళ్ల వరకూ అంటుంది. ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే ఎన్.ఎ.బి.హెచ్. ప్రమాణాల్లో సంఘటనలు నమోదు చేసే పద్ధతి ఉండాలని ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

వార్డులో కథ వేరు. పేషెంట్ తాలూకు మనిషి సిస్టర్‌ని అడుగుతాడు, సిస్టర్ డ్యూటీ డాక్టర్‌ని అడగండంటుంది, డ్యూటీ డాక్టర్ పెద్ద సార్ రౌండ్స్‌కొస్తారు అప్పుడు అడగండంటాడు. పెద్ద సార్ వచ్చినప్పుడు అందరూ గోడకి అతుక్కుని నిలబడతారు. రాత్రి షిఫ్టులో పనిచేసే ఆయా ముందు చూసిన సంగతి పైకి చేరాలంటే ఎన్ని మెట్లెక్కాలి? ఇంకోవైపు, ఏదైనా జరిగితే తాలూకువాళ్లు అద్దాలు పగలగొడతారనీ చెయ్యి చేసుకుంటారనీ డాక్టర్ల భయం. ఆ భయం కూడా కల్పితం కాదు. కొట్టేవాళ్లుంటే చెప్పేవాళ్లుండరు. చెప్పేవాళ్లు లేకపోతే తాలూకువాళ్లకి అనుమానం, కోపం తప్ప ఇంకేం మిగలవు. ఇందులో ఎవరు ముందు దిగాలి అంటే, నా లెక్కలో అధికారం ఎవరి దగ్గర ఎక్కువుందో వాళ్లే. పెద్ద సార్ రౌండ్స్‌లో నిలబడి 'నిన్న నేనిలా చేశాను, అలా చేయాల్సింది' అన్న రోజున, గోడకి నిలబడ్డవాళ్లలో ఒకరైనా మర్నాడు నోరు విప్పుతారు.

కాడ్‌మన్ 1940లో పోయాడు. సమాధి మీద పేరు లేకుండా పడుకున్నాడు. 2014లో సర్జన్ల కాలేజీ, మరికొందరు కలిసి రాయి పెట్టించారు. గౌరవం మంచిదే, దక్కాల్సిందే. కానీ చనిపోయినవాడికి రాయి పెట్టడం ఏ సంస్థకైనా సులువు. మీ ఊళ్లో పెద్ద ఆసుపత్రికి వెళ్లి, కిందటేడు మీ దగ్గర జరిగిన పొరపాట్ల జాబితా చూపించమని అడగండి. లేదంటారా, ఇవ్వమంటారా, అసలు అలాంటిది రాసుకోమంటారా? జాబితా తగలబెట్టాలన్నా ముందు అదంటూ ఒకటుండాలి.